మూడో దెబ్బ తర్వాత

నివేదికలో పదకొండో పేజీ చివర ఆ వాక్యం ఉంది. "పరికరం నిర్దేశిత ప్రమాణాల మేరకే పనిచేసినది. ప్రమాదమునకు కారణం విధుల్లో ఉన్న సర్దార్ గాజుల ఓదెలు నిర్లక్ష్యం." కింద సంతకానికి గీత గీసి, ఆ గీత కింద స్వరూప పేరు ముందే అచ్చు వేయించి పెట్టారు.

ఆ పేరు చూడగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది. మనిషిని అడక్కుండా మనిషి పేరు అచ్చు వేయించడం ఆ ల్యాబ్‌లో కొత్తేం కాదు. ఇంతవరకూ అది పరిశోధన పత్రాల మీద జరిగేది, ఇప్పుడు ఒక చావు మీద జరుగుతోంది.

"ఆయన నీకు మేనమామ అని నాకు తెలుసు స్వరూపా," అన్నాడు హరనాథ్. ల్యాబ్‌కి డైరెక్టర్ ఆయన. చేదు మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పడం ఆయన పద్ధతి. "రాయడానికి నీకు ఇబ్బందిగా ఉంటుందనే నేను రాయించాను. సోమవారం విచారణలో చదివి వినిపిస్తే చాలు. మంగళవారం నుంచి ఇంకో తొమ్మిది గనుల్లో పోగులు పంచుతున్నారు. అది ఆగకూడదు."

"మామది నిర్లక్ష్యమని ఎవరు తేల్చారు?"

"పోగులోనే నమోదైంది కదా. పైకప్పు కొట్టాడు, పచ్చ దీపం వెలిగింది. దీపం వెలిగినా సర్దార్ తన అనుభవంతో చూసుకోవాలని గని నియమావళిలో ఉంది. ఆయన చూసుకోలేదు. వెంటనే ముందుకు నడిచాడు."

స్వరూప కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. సంతకం పెట్టలేదు, పెట్టనని కూడా చెప్పలేదు. నోరు తెరిస్తే ఏ మాట వస్తుందో ఆమెకే నమ్మకం లేదు.

*

పోగు స్వరూప చేసిందే. రూపాయి బిళ్లంత ఉంటుంది. హెల్మెట్ అంచుకు తగిలిస్తే చెవి పక్కన వేలాడుతుంది కాబట్టి కార్మికులు దానికి ఆ పేరు పెట్టారు. బొగ్గు బాయిలో సర్దార్ అనేవాడు తన గుంపు కంటే ముందు నడిచి, ఇత్తడి పొన్ను వేసిన కర్రతో పైకప్పును మూడు దెబ్బలు కొట్టి చూస్తాడు. ఖంగుమంటే గట్టి రాయి. బోలుగా మోగితే లోపల పొర విడిచిందని అర్థం, దాని కింద ఎవరూ నిలబడకూడదు. ఆ చెవి కుదరడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఇరవై ఏళ్ల చెవిని బిళ్లంత యంత్రంలో పెడతానని స్వరూప పంతం పట్టింది.

భూమికి మూడు వందల మీటర్ల కింద సిగ్నల్ ఉండదు. పైనున్న పెద్ద కంప్యూటర్‌ని అడిగి చెప్పే వీల్లేదు. వినడం, తేల్చడం రెండూ ఆ బిళ్లలోనే జరిగిపోవాలి. దానికున్న జ్ఞాపకం ఒక పాట పల్లవి దాచుకోవడానికి కూడా చాలదు. అందుకని ఆమె అల్లిన నాడీజాలం, అంటే మెదడు నరాల తీరున నేర్చుకునే ప్రోగ్రాం, శబ్దాన్ని దాచుకోదు. చిన్న చిన్న ముక్కలుగా వరసలో వింటుంది, విన్నదాని సారాన్ని గుప్పెడు అంకెల్లో మోసుకుంటూ పోతుంది, నమ్మకం కుదిరిన క్షణాన వినడం ఆపి దీపం వెలిగిస్తుంది. ఎంత త్వరగా ఆపితే బ్యాటరీ అన్ని రోజులు వస్తుంది. మూడో దెబ్బ తర్వాత సెకను తిరిగేలోపే పోగు తేల్చేసేది. నూటికి తొంభై ఎనిమిదిసార్లు ఒప్పు. ఆ అంకెకు ఢిల్లీలో చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. మిగిలిన ఆ రెండింటి కింద ఎవరు నిలబడతారని ఒక్కరూ అడగలేదు. స్వరూపా అడగలేదు.

ఆ యంత్రానికి పాఠం చెప్పింది ఓదెలే. ఏడాది పొడుగునా నడుముకు రికార్డర్ కట్టుకుని బాయి దిగాడు. కొట్టిన ప్రతిసారీ పైకప్పు బాగుంటే పచ్చ మీట, బాగోకపోతే ఎర్ర మీట నొక్కేవాడు. శనివారం శనివారం ఆ కార్డులు స్వరూపకు చేరేవి, అప్పుడప్పుడు తనూ ఆయన వెంట దిగేది.

నెల కిందట, ఏటవాలుగా లోపలికి దిగే ఏడో ఇంక్లైన్ గనిలో, మొదటి షిఫ్ట్‌లో, పోగు పచ్చగా వెలిగిన పావుగంటకు పైకప్పు కూలింది. ఓదెలు గుంపులో, ఆయన కాక ఏడుగురు ఉన్నారు. ఆరుగురు బయటికొచ్చారు. సమ్మయ్య రాలేదు.

*

శనివారం పొద్దున స్వరూప కార్మికుల కాలనీకి వెళ్లేసరికి ఓదెలు క్వార్టర్ ముందు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఏరుతున్నాడు. సస్పెన్షన్ కాగితం ఇచ్చిన రోజే ఆయన కర్ర, క్యాప్ ల్యాంపు వెనక్కి తీసుకున్నారు. ముప్పై రెండేళ్లు కర్ర పట్టుకున్న చెయ్యి చిక్కుడుకాయల మధ్య ఏం చెయ్యాలో తోచనట్టు తిరుగుతోంది.

"తిన్నవా బిడ్డా?" అన్నాడు తల ఎత్తకుండా.

"తిన్న. మామా, ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. ఆ రోజు కొట్టినంక కప్పుకు చెయ్యి ఎందుకు ఆనియ్యలే? నా ముంగట కొట్టినప్పుడు ఎప్పుడూ ఆనిచ్చేటోనివి."

ఓదెలు చేతిలో కాయ జల్లెడలో పడేశాడు. లోపలికి వెళ్లి మడతలు పడ్డ కాగితం ఒకటి తెచ్చి ఆమె ఒళ్లో వేశాడు. పోగులతో పాటు ల్యాంపు రూంలో పంచిన కరపత్రం అది. నాలుగో వరస కింద ఎవరో పెన్నుతో గీత గీశారు. "పచ్చ దీపం వెలిగిన తరువాత వేచి ఉండవలసిన అవసరం లేదు."

"ఎవలు రాసిండ్రు ఇది?" అన్నాడు.

రాసింది స్వరూపే. కార్మికులకు అర్థమయ్యేలా తెలుగులో తనే రాస్తానని ఆ పని అడిగి మరీ తీసుకుంది.

"ఐనా ఆనిచ్చిన," అన్నాడు ఓదెలు. గొంతు పెంచలేదు కానీ ఒక్కో మాటా పళ్ల మధ్య నుంచి వస్తోంది. "నాలుగు నెలలు ఆనిచ్చిన. నీ పోగు నేను నిలబడ్డ సెకన్లు గూడ రాసుకుంటదట. శనివారం శనివారం నోటీసు బోర్డుకు లిస్టు పెట్టిండ్రు. అనవసర విరామం అని. అందరికన్న పైన నా పేరే, ఎర్ర సిరాతోని. నిన్నగాక మొన్నొచ్చిన మా మీది ఓవర్‌మన్ పోరడు పది మందిల నవ్విండు. ఓదెలు తాత కప్పుతోని ముచ్చట పెడ్తుండని."

"నాకు చెప్పకపోతివి మామా."

"నీకేం చెప్పాలె? సదువుకున్న పిల్లవు. ఏడాది పొద్దు నా యెనుక తిరిగి రాసుకున్నవు. నాకు ఎరుకైంది నీకు ఎరుకైంది, ఇంకింత ఎక్కువే ఎరుకైంది అనుకున్న. నా మేనకోడలు అవసరం లేదన్నదంటే లేదేమో అనుకున్న." ఆయన కరపత్రం వైపు చూపించాడు. "నీ మాట పట్టుకుని చెయ్యి తీసిన. సమ్మయ్య పోయిండు."

స్వరూపకు ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే కొంత నయంగా ఉండేది. కోపం వచ్చింది, అది ఎవరి మీద చూపాలో తెలియలేదు.

"చెయ్యి ఆనిచ్చినప్పుడు ఏదో గొణుగుతుంటివి," అంది. "నేను కోపం చేసిన, యాదికుందా? రికార్డింగు ఖరాబైతుందని."

"గొణుగుడేంది. పేర్లు."

"ఏం పేర్లు? దేవునివా?"

"దేవునికేం పని బాయిల? గుంపుల ఉన్నోళ్ల పేర్లు. మూడో దెబ్బ అయినంక చెయ్యి ఆనియ్యాలె. ఇగ లోపలికి తోలే మనుషుల పేర్లు ఒక్కొక్కటి సదవాలె. ఆఖరి పేరు అయ్యేదాక చెయ్యి తియ్యద్దు. మా పాత సర్దార్ నాకు నేర్పిండు, ఆయినకు ఆయిన సర్దార్ నేర్పిండు." ఓదెలు మళ్లీ జల్లెడ దగ్గరికి తీసుకున్నాడు. "దెబ్బకు రాయి అబద్ధం చెప్తది బిడ్డా. కొట్టంగనే గట్టిగనే మోగుతది. జరసేపు ఆగితే అసలు సంగతి చెప్తది."

స్వరూప లేచి నిలబడింది. రికార్డింగులన్నిటిలో మూడో దెబ్బ తర్వాత వచ్చే ఆ ఆరేడు సెకన్లను తను ఏం చేసిందో ఆమెకు గుర్తొచ్చింది. ఖాళీగా ఉన్నాయని, పైగా ముసలాయన గొణుగుడుతో పాడయ్యాయని, ఒక్క ఆదేశంతో అన్నిటినీ కోసిపారేసింది.

*

ఆదివారం పొద్దున ల్యాబ్‌లో ఎవరూ లేరు. పాత హార్డ్ డిస్క్ తీసి, కోయకముందటి రికార్డింగులు వెతికింది. దాంతో పాటు తన నోటు పుస్తకం కూడా దొరికింది. అందులో ఒక పేజీలో తొమ్మిది నంబర్లు వరసగా ఉన్నాయి. పక్కన తన చేతిరాత: "శబ్దం స్పష్టంగా గట్టి రాయి. మామ ఎర్ర మీట నొక్కాడు. పొరపాటు. తీసెయ్యాలి."

తొమ్మిదిసార్లు మామ పొరపాటు పడ్డాడని ఆమె నిశ్చయించుకుంది. అప్పటివరకూ తన గుంపులో ఒక్క ప్రాణం పోనివ్వని మనిషి మీట తప్పు నొక్కాడని నిశ్చయించుకుంది. ఒక్క ఫోన్ చేసి అడిగితే చెప్పేవాడు. అడగలేదు. ఆ తొమ్మిదీ తీసేస్తే తొంభై ఆరు ఉన్న అంకె తొంభై ఎనిమిది అయింది, ఆ సంతోషంలో ఫోన్ సంగతి ఆమెకు తట్టనే లేదు.

ఇప్పుడు వింది. మొదటిది, మూడు వందల పదిహేడో నంబరు. మూడు దెబ్బలు ఖంగుమని మోగాయి. ఇంతవరకూ ఆమె ఎన్నోసార్లు విన్నదే. ఆ తర్వాత ఓదెలు లోగొంతుకతో పేర్లు చదువుతున్నాడు. ఆ గొంతు వెనక, ఆరో పేరు దగ్గర, నూనెలో నాలుగు ఆవాలు వేసినట్టు చిటపట మొదలైంది. వినీ వినపడనంతగా ఉంది. లోపలెక్కడో రాయి పొర వదులుతున్న శబ్దం అది. రికార్డింగు చివరిదాకా విని ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేసి, రెండు చేతులతో బల్ల పట్టుకుని కూర్చుంది. మిగతా ఎనిమిదీ వినేసరికి ఎండ కిటికీ దాటింది. తొమ్మిదింటిలోనూ చిటపట ఉంది. ఓదెలు ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు.

ఆ తొమ్మిదీ పక్కన పెట్టి, మిగిలిన కోయని రికార్డింగులతో అదే నాడీజాలానికి మళ్లీ నేర్పింది. కొత్త చిప్ లేదు, ఎక్కువ జ్ఞాపకం లేదు. ఏడు సెకన్లు వినేదాకా ఆపవద్దని ఒక్క నిబంధన మార్చింది, అంతే. నేర్చుకున్నాక తొమ్మిదీ వినిపించింది. ఎనిమిదింటికి ఎర్ర దీపం వెలిగింది. ఆ బిళ్లకు వినే శక్తి మొదటి నుంచీ ఉంది. విననిచ్చిన వాళ్లు లేరు.

ఆమె హరనాథ్‌కి ఫోన్ చేసి చెప్పింది. ఆయన మొత్తం విన్నాడు.

"ఏడు సెకన్లు వింటే బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది?"

"నాలుగు నెలలు."

"కంపెనీ ఏడాది అడిగింది. రెండు సెకన్లలో తేల్చమంది. ఏడు సెకన్లు ఆగే పోగు ఎవరికి కావాలి స్వరూపా? ఆగడానికైతే వాళ్లకి ఓదెలు ఉన్నాడు కదా."

"ఓదెలు లేడు సార్. మీరు తీయించేశారు."

హరనాథ్ గొంతు ఇంకా తగ్గింది. "బాగా ఆలోచించుకో. ఆ సెకన్లు కోసింది నువ్వు. ఆ తొమ్మిదీ తీసేసింది నువ్వు. కరపత్రం రాసింది నువ్వు. నేను దేని మీదా సంతకం పెట్టలేదు. రేపు నువ్వు నోరు తెరిస్తే అందరికంటే ముందు పోయేది నువ్వే. మీ మామకి ఎలాగూ వచ్చే ఏడాది రిటైర్‌మెంటు."

అందులో ఒక్కటీ అబద్ధం కాదు. ఆమెను దహించేసింది కూడా అదే. బెదిరింపులో అబద్ధం ఉంటే తిట్టి ఫోన్ పెట్టేసేది. నిజాలు ఏరుకుని, వాటితోనే గొంతు నొక్కేవాడిని ఏమని తిట్టాలి? ఫోన్ పెట్టేసి, నివేదిక తీసి, తన పేరున్న పేజీని నిలువునా చింపింది. చింపాక కూడా కోపం తగ్గలేదు.

*

విచారణ గని ఆఫీసు పక్క రెస్ట్ హాల్లో పెట్టారు. తనిఖీ శాఖ నుంచి వచ్చిన అధికారి మధ్యలో కూర్చున్నాడు. ఒక పక్క హరనాథ్, గని మేనేజరు ఉన్నారు. ఎదురుగా బెంచీ మీద ఓదెలు, గుంపులో మిగిలిన ఆరుగురు, వాళ్లకు ఎడంగా సమ్మయ్య భార్య మల్లీశ్వరి. ఓదెలు వచ్చినప్పుడు ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. తప్పు ఆయనదేనని నెల రోజులుగా కాలనీ అంతా చెప్పుకుంటోంది.

అధికారి స్వరూపను పిలిచి నివేదిక చదవమన్నాడు.

"అది నేను రాయలేదు సార్," అంది స్వరూప. "నేను చెప్పాల్సింది వేరే ఉంది." సంచిలోంచి రెండు పోగులు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ రెండూ ఒకటే చిప్, ఒకటే నాడీజాలం. మొదటిది మీ గనిలో ఇప్పుడు వాడుతున్నది. రెండోదాన్ని ఇంకో ఐదారు సెకన్లు ఎక్కువ విననిచ్చాను. ఇది రెండేళ్ల కిందట ఇదే ఇంక్లైన్‌లో సర్దార్ ఓదెలు చేసిన రికార్డింగు."

హరనాథ్ లేవబోయాడు. "దీనికీ ప్రమాదానికీ సంబంధం లేదండీ, ఇది అంతర్గత..."

"కూర్చోండి," అన్నాడు అధికారి.

స్వరూప స్పీకరు మీట నొక్కింది. ఖంగు, ఖంగు, ఖంగు. బల్ల మీద మొదటి పోగు పచ్చగా వెలిగింది.

"మా యంత్రం ఇక్కడితో వినడం ఆపేసింది సార్. ఇక్కడి నుంచి మీరు వినండి."

స్పీకర్లో ఓదెలు గొంతు సన్నగా మొదలైంది. "రాజిరెడ్డి. కనకయ్య. పోశం. లింగమూర్తి. సమ్మయ్య."

"ఉన్ననే సర్దారూ." దూరం నుంచి ఒక గొంతు నవ్వుతూ పలికింది. "రోజు పేరు పెట్టి పిలుస్తవు, ఒక్కనాడన్న చాయ్ తాపియ్యవు."

మల్లీశ్వరి తల ఎత్తింది.

"యాకూబ్," అంది ఓదెలు గొంతు. ఆ వెనకే సన్నగా చిటపట. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత అదే గొంతు పెద్దగా, కరుకుగా, "జరుగుండ్రి. యెనుకకు జరుగుండ్రి, అందరు" అంది. బల్ల మీద రెండో పోగు ఎర్రగా వెలిగింది. బూట్ల పరుగులు, ఎవరో కర్ర జారవిడిచిన చప్పుడు, ఆ పైన రెస్ట్ హాల్ కిటికీ అద్దాలు అదిరేంత శబ్దంతో రాయి పడింది.

తర్వాత దగ్గులు వినపడ్డాయి. దుమ్ములోంచి ఓదెలు మళ్లీ మొదలుపెట్టాడు. "రాజిరెడ్డి." "ఉన్న." "కనకయ్య." "ఉన్న." ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క గొంతు పలుకుతోంది. బెంచీ మీద కూర్చున్న ఆ ఆరుగురూ రెండేళ్ల కిందటి తమ గొంతుల్ని తలలు వంచుకుని వింటున్నారు. ఆ రోజు ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి ఎవరూ ఏ పుస్తకంలోనూ రాయలేదు.

అధికారి చెయ్యి స్పీకరు వైపు కదిలింది. "సరే, అర్థమైంది, ఇక ఆపండి."

"ఆపకుండ్రి సారూ," అంది మల్లీశ్వరి.

"లింగమూర్తి." "ఉన్న." "సమ్మయ్య."

"ఉన్ననే సర్దారూ. నేను ఏడికి పోత?"

మిగిలిన రెండు పేర్లూ అయ్యాక రికార్డింగు ఆగింది. అధికారి కలం తీసి, తొమ్మిది గనుల్లో పోగులు పంచడం ఆపమని, ఏడో ఇంక్లైన్‌లో ఉన్నవాటిని ఆ పూటే తీయించమని రాసి, మేనేజరు ముందుకు తోశాడు. తర్వాత స్వరూప వైపు తిరిగాడు.

"రికార్డింగులో ఈ భాగం తీసేసింది ఎవరు?"

హరనాథ్ ఆమె వైపే చూస్తున్నాడు.

"నేను," అంది స్వరూప. "ఖాళీ అనుకుని కోసేశాను. ఆయన సరిగ్గా గుర్తు పెట్టిన తొమ్మిదింటిని తప్పులని తీసేశాను. దీపం వెలిగాక ఆగనక్కర్లేదని కరపత్రంలో రాసింది నేనే. ఆగిన సెకన్లు లెక్కపెట్టి ఆయన్ని నోటీసు బోర్డుకెక్కించింది గని వాళ్లు. సెకన్లు తగ్గించమని అడిగింది కంపెనీ, ఒప్పుకుంది హరనాథ్ గారు. అందరి పేర్లూ రాసుకోండి సార్. నా పేరు ముందు రాయండి. సర్దార్ పేరు మాత్రం అందులో ఉండకూడదు."

అధికారి రాసుకున్నాడు. హరనాథ్ ఫోన్ తీసుకుని బయటికి నడిచాడు. స్వరూప ఓదెలు వైపు చూసింది. ఆయన ఆమెను చూడలేదు. తన అరచేతిని మోకాలి మీద బోర్లా పెట్టుకుని దానికేసే చూస్తున్నాడు. ఆయన క్షమిస్తాడో లేదో ఆమెకు తెలియదు. అడిగే హక్కు ఇవాళ తనకు లేదని మాత్రం తెలుసు.

మల్లీశ్వరి బెంచీ మీంచి లేచి బల్ల దగ్గరికి వచ్చింది. స్వరూపకు ఎదురుగా నిలబడింది. కొడుతుందేమో అనుకుంది స్వరూప, తప్పించుకోవాలని అనిపించలేదు.

"నువ్వేనా కోసింది?" అంది మల్లీశ్వరి.

"నేనే."

మల్లీశ్వరి స్పీకరు వైపు వేలు చూపింది. "మా ఆయిన మాట ఉన్న జాగనే దొరికిందా నీకు కొయ్యనీకి?"

మల్లీశ్వరి వెనక్కి వెళ్లి, ఇందాక ఖాళీగా వదిలేసిన చోటు దాటి, ఓదెలు పక్కనే కూర్చుంది. కొంగు భుజం చుట్టూ గట్టిగా లాక్కుంది.

"మల్ల మొదటి నుంచి పెట్టు," అంది. "ఈసారి ఏం కొయ్యకుండ పెట్టు."

స్వరూప మొదటి నుంచి పెట్టింది.